బొజ్జన్న మామ ఒక్కరోజు చదువు

వాడి చూడనిదే ఏ వస్తువుకూ అర్ధణా ఇవ్వడు మా బొజ్జన్న మామ.

మంచం కొనాలంటే వడ్రంగి కొట్టంలోనే దాని మీద పడుకుని, ఒక నిద్ర తీసి లేచాకే బేరం మొదలుపెట్టేవాడు. ఒకసారి పత్తికొండలో గొడుగు కొనబోయి, వానలో పట్టి చూసేదాకా కొననని అంగడి మెట్ల మీద బైఠాయించాడు. మా సీమలో వాన కోసం కూర్చుంటే అంగడాయన మనవడికి పెళ్లీడొస్తుంది. మూడోనాడు ఆయనే విసిగి మిద్దెక్కి, గొడుగు మీద కడవెడు నీళ్లు కుమ్మరించాడు.

"కారలేదప్పా, బాగుండాది" అని మామ కొన్నాడు.

అట్లాంటి మనిషి దగ్గరికి 1955లో మా ప్రిన్సిపాలు గారిని చందాకు తీసుకుపోయాను. నేను కర్నూలులో ఒక కొత్త కాలేజీలో లెక్కల లెక్చరర్ని. ప్రిన్సిపాలు గారు సభాభవనం ప్లాను చాప మీద పరిచారు.

"ముందర రాతి పలక మీద మీ పేరు, అడుగెత్తు అక్షరాల్లో!"

మామ ప్లాను వైపే చూడలేదు. "మీ సరుకేంది స్వామీ?"

"సరుకు కాదండీ, విద్య..."

"ఆ విద్యనే ఒకదినం వాడి చూస్తా."

నేను అడ్డుపడ్డాను. "మామా, నీకు సంతకం కూడా రాదు గదా!"

"నాకు ఈతా రాదు. నాలుగు బావులు తవ్వించలేదా?"

సోమవారం పొద్దున్నే సోమక్క అత్త కట్టిన సద్దిమూట, నీళ్ల ముంత పట్టుకుని నా క్లాసులో దిగాడు. వెనక బెంచీని ఊపి చూసి మరీ కూర్చున్నాడు. గంటసేపు త్రికోణాలు చెప్పాను. కళ్లార్పకుండా విన్నాడు.

"ఏమర్థమైంది మామా?"

"ఏమీ కాలేదు. అయినా ఒక్కతూరి గూడా కాగితం చూడకుండా చెప్పినావు. సరుకు మంచిదే."

తర్వాతి చరిత్ర క్లాసులో పక్క కుర్రాడి భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. "ఆ సారు గొంతు శానా చల్లన" అని మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం వరండాలో సద్ది విప్పాడు. మార్చి ఎండ మండుతోంది. కాలేజీ మొత్తానికి ఆడపిల్లలు ఇద్దరే. అందులో కృపమణి రోజూ కల్లూరు నుంచి నడిచొచ్చేది. ఎదురుగా కూర్చున్న ఆ పిల్ల పెదాలు పొలుసులు లేచి ఉన్నాయి. మామ ముంత చాచాడు.

"తాగు పాపా."

"వద్దు తాతా."

"తోమిన ముంతేలే."

"అది కాదు తాతా." తల దించుకుంది. "నీళ్లు తాగితే సాయంత్రం దాకా ఉండలేను. ఈడ మాకు పోయేదానికి చోటు లేదు."

మామ ముంత పక్కన పెట్టేశాడు. ఆఖరి గంట కొట్టేదాకా తనూ ఒక్క చుక్క తాగలేదు. అదీ వాడి చూడటమే! సాయంత్రానికి నాలుక అంగిలికి అంటుకుపోయి, మాట పెగలక, ప్రిన్సిపాలు గారి గదిలో రెండు చెంబులు తాగాకే నోరు విప్పాడు.

"చదువు బాగుండాది స్వామీ. దుడ్లు ఇస్తా. సభాభవనానికి కాదు. ఆడపిల్లలకి ఒక గది, మరుగుదొడ్డి, కుళాయి కట్టించండి."

రోజూ ఆ పిల్లలకు పాఠాలు చెప్పే మాకెవరికీ తట్టని సంగతి అది. నేను నేల చూపులు చూశాను. ప్రిన్సిపాలు గారు తడబడ్డారు.

"మరి... పలక మీద మీ పేరు?"

"మరుగుదొడ్డి మీద నా పేరా! మా సోమక్క ఇంట్లోకి రానిస్తాదా?"

వేసవి సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజే ఆ గదికి ప్రారంభోత్సవం. కమిటీ పెద్దలు దండలతో వచ్చారు. ప్రిన్సిపాలు గారు తాళంచెవి మామకిచ్చారు.

"నేను యాడికి పోయేదప్పా లోపలికి?" అని మామ దాన్ని కృపమణి చేతిలో పెట్టాడు.

ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. వెనక యాభైమంది మగవాళ్లు తననే చూస్తున్నారు.

"ఏమప్పా, మీకు సిగ్గు లేదా?" మామ గర్జించాడు. "అందరూ అట్ల తిరగండి!"

ప్రిన్సిపాలు గారు, కమిటీ పెద్దలు, నేను మెళ్లో దండలతో గోడకేసి తిరిగి నిలబడ్డాం. లోపల గడియ పడిన చప్పుడు, ఆ వెంటే కృపమణి నవ్వు వినిపించాయి.

"ఇప్పుడు చప్పట్లు కొట్టొచ్చా?" అని కమిటీ అధ్యక్షుడు నా చెవిలో అడిగాడు.