గేటు దగ్గర తెలియకూడదు

చాముండేశ్వరికి కడుపులో మాట దాచుకోవడం చేతకాదని కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఆమెను ఎరిగినవాళ్ళంతా చెబుతారు. ఎవరింట్లోనైనా కూరలో ఉప్పెక్కువైతే వడ్డిస్తున్న ఆవిడకే చెప్పేస్తుంది. పెళ్ళి సంబంధాల గురించి ఆమెను ఎవరూ వాకబు చేయరు, ఉన్నదున్నట్టు చెప్పేస్తుందని భయం. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆ నోటికి కెనడా మర్యాద అంటలేదు. అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారి నోరు మూసుకుంది. ఆ ఒక్కసారి కూడా తెరిచి ఉంటే ఎంత బాగుండేదో.

ఆమె పనిచేసేది కారు తలుపుల చుట్టూ వేసే రబ్బరు పట్టీల ఫ్యాక్టరీలో. అక్కడ ప్యాకింగ్ సెక్షన్‌కు మేనేజరు. ఆమె కింద ఉన్నవాళ్ళలో సగం మంది ఇక్కడ చదువు ముగించి వర్క్ పర్మిట్ మీద ఉన్న మన పిల్లలు. మిగతావాళ్ళు పంజాబీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, రిటైరవ్వమంటే కోపం తెచ్చుకునే ఇద్దరు ముసలి పోర్చుగీసువాళ్ళు.

మేనేజర్లకు కంపెనీ ఇప్పించే ట్రైనింగుల్లో ఏం చెప్పారో ఆమెకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆమెకున్న పద్ధతి ఒకటే. షిఫ్ట్ మొదలయ్యే ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి, తానూ వాళ్ళ మధ్యే నిలబడి, తనకు తెలిసిందంతా చెప్పేయడం. ఆర్డర్లు తగ్గితే తగ్గాయని, ఓవర్‌టైమ్ లేకపోతే లేదని. పైవాళ్ళు ఎవరిమీదైనా గుర్రుగా ఉంటే ఆ మనిషిని పక్కకు పిలిచి ఆ సంగతి కూడా. ప్లాంట్ మీటింగుల్లో మిగతా మేనేజర్లు ముందు వరసలో కుర్చీలేసుకుంటే, ఆమె మాత్రం వెనక తన జట్టుతో నిలబడేది.

దీనికంతా కారణం టొరంటో శివారైన స్కార్‌బరో. దేశానికి వచ్చిన కొత్తలో అక్కడ ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఒక జనవరి పొద్దున రెండు బస్సులు మారి, పెరుగన్నం డబ్బాతో వెళ్ళేసరికి గేటుకు తాళం వేసి ఉంది. ముందురోజు సాయంత్రం వరకు నవ్వుతూ మాట్లాడిన మేనేజరుకు సంగతంతా ముందే తెలుసట. ఉద్యోగం పోయినందుకంటే ఆ నవ్వుకే ఆమె కడుపు ఎక్కువ మండింది. రేపు తన కింద ఎవరైనా పనిచేస్తే వాళ్ళకు ఏదీ ఇలా గేటు దగ్గర తెలియకూడదని ఆ మంచులో నిలబడి ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న ఒట్టు ఇన్నేళ్ళూ నిలుపుకుంది.

మొన్న ఫిబ్రవరి మొదట్లో ప్లాంట్ డైరెక్టర్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు మూశాడు. పని మొత్తం వేరే దేశంలోని ఫ్యాక్టరీకి పోతోంది, ఇక్కడ ప్లాంట్ మూసేస్తున్నారు, నెలాఖరు గురువారం అందరికీ చెబుతారు. ఈలోపు ఒక్క మాట బయటికి పొక్కినా కార్ల కంపెనీ ఆర్డర్లు లాగేసుకుంటుంది, అప్పుడు పనివాళ్ళకు ఇస్తామనుకున్న పరిహారం కూడా ఇవ్వలేమన్నాడు. చివర్లో, ఆమెకు ఇంకో ప్లాంట్‌లో చోటు చూస్తామన్నాడు. ఆ చివరి మాట అనకపోయినా పిల్లల పరిహారం కోసం నోరు మూసుకునేదాన్నేనని ఆమె తనకు తాను చెప్పుకుంది. నమ్మడానికి వీలుగా ఉండే మాటను నమ్మడం ఎవరికి మాత్రం కష్టం?

మర్నాటి నుంచి షిఫ్ట్ ముందు గుండ్రంగా నిలబడినప్పుడు మంచు గురించీ హాకీ గురించీ మాట్లాడింది. ఆంటీకి హాకీ పిచ్చి పట్టిందని పిల్లలు నవ్వుకున్నారు.

ఆ వారంలోనే నిశాంత్ వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, ఆమె చేతికింద పని నేర్చుకుని లైన్ లీడ్ అయ్యాడు. వర్క్ పర్మిట్ వేసవితో అయిపోతుంది. ఈలోపు పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, అప్లై చేయాలంటే ఉద్యోగం ఒక్కరోజు కూడా తెగకుండా చేతిలో ఉండాలి. లేకపోతే చదువుకు పెట్టిందీ, ఇక్కడ పడ్డ కష్టమూ వదిలేసి ఇంటిదారి పట్టాల్సిందే.

"ఆంటీ, ఒషావా టౌన్ల జాబ్ ఆఫర్ వచ్చింది. సోమవారం లోపల చెప్పుమన్నరు. జీతం ఇంతే, మల్ల రూమ్ మారాలె. ఇక్కడ ఏమన్న తేడా ఉంటే మీరు చెప్తరు గద, అందుకే అడుగుతున్న."

మాట ఆమె గొంతు దాకా వచ్చింది. ఎదురుగా అద్దాల గదిలో డైరెక్టర్ కనిపిస్తున్నాడు.

"వెళ్ళు నాన్నా. పెద్ద కంపెనీ. వెళితేనే నీకు మంచిది."

తెలివైన పిల్లాడు, ఆమాత్రం అంటే అందుకుంటాడనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది. మన పెద్దవాళ్ళ మొహమాటం ఎవరికి తెలియదు? వెళ్ళు వెళ్ళంటూనే చెయ్యి వదలరు. అదే మాట ఇంకో మేనేజరు అని ఉంటే, దీనివెనక ఏదో ఉందని నిశాంత్ ఆగి ఆలోచించేవాడు. కానీ అన్నది ఆంటీ. ప్రమాదముంటే ప్రమాదమని మొహం మీదే చెప్పే మనిషి. చెప్పలేదంటే లేనట్టే. తన బాగుకు అడ్డం రాకూడదని పెద్దమనసుతో పొమ్మంటోందని అతను అనుకున్నాడు. ఇన్నేళ్ళ ఆమె నిజాయితీయే ఆ పిల్లాడి కళ్ళు కప్పింది.

సోమవారం మైసూర్‌పాక్ పెట్టె పట్టుకొచ్చాడు.

"ఒషావా వాళ్ళకు రానని చెప్పేసిన ఆంటీ. మీలాంటి మేనేజర్ అక్కడ దొరకదు గద."

అప్పటికైనా చెప్పొచ్చు. ఆ సాయంత్రం లోపు ఫోన్ చేసి మాట మార్చుకునే వీలుంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. చెప్పలేదు. ముక్క తీసుకుని నోట్లో వేసుకుని నవ్వింది. నవ్వుతూండగానే అది ఎవరి నవ్వో గుర్తుపట్టింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, అప్పుడూ చెప్పలేదు.

నెలాఖరు గురువారం అందరినీ క్యాంటీన్‌లో పోగుచేశారు. టొరంటో నుంచి వచ్చిన హెచ్ఆర్ ఆవిడ కాగితం చూసి చదివింది. ఇస్తామన్న పరిహారం, తీరా చూస్తే, చట్టప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిందే. చాముండేశ్వరి దాచిన మాట ఎవరికీ ఒక్క పైసా మిగల్చలేదు. ముసలి పోర్చుగీసాయన లేచి, మీ మేనేజర్లకు ఇది ఎప్పటినుంచి తెలుసని అడిగాడు. డైరెక్టర్ ఏమాత్రం తడుముకోకుండా, నెల మొదట్లోనే చెప్పామన్నాడు.

ఎప్పటిలాగే వెనక, జట్టుతో నిలబడి ఉంది చాముండేశ్వరి. ఎవరూ ఆమెవైపు తిరగలేదు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. నిశాంత్ ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. ఒషావాలో ఆ ఉద్యోగం ఎవరికో ఇచ్చేశారని పక్కనున్న కుర్రాడికి చెబుతుంటే ఆమెకు వినబడింది.

నిశాంత్ గోడవారనున్న కుర్చీ ఒకటి తీసుకుని, అందరి మధ్యనుంచీ మోసుకెళ్ళి, ముందు మేనేజర్ల వరస చివర వేశాడు. వెనక్కి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు.

"అక్కడ కూర్చోండి మేడమ్."

చేరిన రోజు నుంచీ ఆంటీ తప్ప ఇంకో పిలుపు ఎరగని పిల్లాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.