మూడో వరసలో కండక్టరు

దంతవైద్యులు పంపే అచ్చుల్లో సుద్ద పోసి, ఆరిన దవడల మీద మైనం పరిచి, అందులో పళ్ళను ఒక్కొక్కటిగా నాటి, చివరికి నునుపు పట్టి పంపడం ఆవిడ వృత్తి. ఇరవై ఏడేళ్ళుగా ఎందరి నోళ్ళో నింపింది గాని, బంధువుల్లో ఒకటీ అరా తప్ప ఆ నోళ్ళు నవ్వగా చూసే యోగం ఆవిడకు పట్టలేదు. తాను చేసిన సెట్లు పెట్టెల్లో వెళ్ళిపోయేవి. ల్యాబు యజమాని పదవీ విరమణ సభలో ఆవిడను కూడా రెండు ముక్కలు మాట్లాడమంటే మాట్లాడింది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నోళ్ళు తెరుచుకోవడం ఎదురుగా నిలబడి చూడటమంటే ఏమిటో ఆవిడకు ఆ రోజే తెలిసింది.

అప్పటినుంచి రెండేళ్ళుగా, ప్రతి శనివారం సాయంత్రం ఐదింటికి, సైకిళ్ళ కొట్టు మీది గదిలో, ఎవరైనా మైకు పట్టుకుని నవ్వించగలిగే ఓపెన్ మైక్‌కు వెళుతోంది. ఇరవై రెండు కుర్చీలు, టకటకలాడే ఫ్యాను, బిగించినకొద్దీ కిందికి జారే మైకు స్టాండు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నాలుగో నిమిషం దాటగానే నిర్వాహకుడు వెనకనుంచి పచ్చ టార్చి వెలిగిస్తాడు. మాట్లాడాలనుకున్నవారు తలా ఒక శ్రోతను వెంట తెచ్చుకోవాలన్నది అక్కడి నియమం. లేకపోతే వినేవాడు లేక అందరూ మాట్లాడేవాళ్ళే మిగులుతారు. అక్కడ ఆవిడను అందరూ పళ్ళక్క అంటారు.

ఆ శనివారానికి ఒక ప్రత్యేకత ఉంది. ఏడాదికోసారి జరిగే పెద్ద ప్రదర్శనలో పావుగంట ఎవరికివ్వాలో నిర్వాహకుడు ఆ రోజే తేల్చబోతున్నాడు. ఆ పావుగంట కోసం ఆవిడ రెండేళ్ళుగా కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తోంది. తీరా చూస్తే, ఎప్పుడూ వెంట వచ్చే ల్యాబు స్నేహితురాలికి జ్వరం.

"నాకు ఇవాళ సెలవేగా, నేనొస్తా పద," అన్నాడు భర్త.

ఆయన బస్సు కండక్టరు. శనివారాలు డ్యూటీ ఉండటంతో ఏనాడూ రాలేదు. భార్య ల్యాబు కబుర్లు చెప్పి నవ్విస్తుందనే అనుకుంటున్నాడు. ఆ గదిలో రెండేళ్ళుగా నవ్వు పుట్టిస్తున్నది తానేనన్న సంగతి ఆయనకు తెలియదు. తన పరోక్షంలో తన మీద సాగుతున్న విచారణకు ఆయన మొదటిసారి హాజరవుతున్నాడు, అదీ ఇస్త్రీ చొక్కా వేసుకుని.

ఆవిడ ల్యాబు సంగతులతో మొదలుపెట్టింది. రెండు మూడు నవ్వులు రాలాయి. "మా ఆయన..." అంది, ఆగిపోయింది. మూడో వరసలో ఆయన ఉత్సాహంగా ముందుకు వంగాడు.

"పళ్ళక్కా, విజిల్ చెప్పండి!" అని వెనకనుంచి నిర్వాహకుడు అందించాడు. పాతవాళ్ళంతా "విజిల్! విజిల్!" అన్నారు.

ఇక తప్పలేదు. "మా ఆయన కండక్టరండీ. పైవరసలో ముందు పన్ను లేదు. 'స' అన్నప్పుడల్లా విజిల్ వస్తుంది. విజిల్ వినపడితే డ్రైవరు బండి ఆపుతాడు. మొన్న ఎవరో పెద్దావిడతో 'సరే సరే, సర్దుకుని కూర్చోండి' అన్నారట. బస్సు మూడుసార్లు ఆగింది."

"నాలుగు!" అని మూడో వరస అరిచింది. "చివర్లో సారీ కూడా చెప్పాను!"

గది దద్దరిల్లింది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, పచ్చ టార్చి వెలుగుతుండగా, ఆవిడ తన దగ్గరున్న అన్నిటికంటే గట్టి ముక్క అందుకుంది.

"ఆయన కోసం నేనే ఒక పన్ను చేశాను. పెట్టించుకోడానికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఇంకా చేతులు కడుక్కుంటున్నారు. ఆ కుళాయి చప్పుడుకే ఈయనకి చెమటలు. నా చెయ్యి పట్టుకుని, 'పన్ను చేసింది నువ్వేగా, నువ్వే పెట్టించుకో' అన్నారు. ఇంటికొచ్చాక, 'ఈ సంగతి ఎవరితోనూ అనకు' అన్నారు. నేను అనలేదండీ. మీకు తప్ప."

కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. ఒక్క మూడో వరస మాత్రం మెదలలేదు. పావుగంట పళ్ళక్కకేనని నిర్వాహకుడు అక్కడికక్కడే ప్రకటించాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన చేతిలోని టిక్కెట్లను మడతపెడుతున్నాడు.

"కోపమొచ్చిందా?" అంది.

"విజిల్‌కి రాలేదు. అది ఊరంతా వింటున్నదే. రెండోది మాత్రం నీతో అన్నాను, మైకుతో అనలేదు."

"మీ పేరు చెప్పలేదుగా!"

"పేరెందుకే? ఆ గదిలో పన్ను లేకుండా కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వితే బావుండదనీ తెలిసింది. వాదించడానికి చాలానే ఉంది. అందరూ ఇంట్లోవాళ్ళ మీదే చెబుతారు, రెండేళ్ళుగా చెబుతున్నదే, ఎవరికీ నష్టం జరగలేదు. కాని, అనవద్దన్న మాటనే ఆవిడ నవ్వుగా మార్చి అమ్ముకుంది. ఎన్ని కుర్చీలు నవ్వితే మాత్రం ఆ మాట ఆవిడ సొంతమవుతుంది?

ఫోను తీసి నిర్వాహకుడికి చేసింది. "బాబూ, ఆ డాక్టరు దగ్గరి ముక్క ఇక చెప్పను."

"అయ్యో అక్కా, దాని కోసమేగా పావుగంట ఇచ్చింది! అది లేకపోతే ఏం చెప్తారు?"

"నా గురించి చెప్తా."

"మీ గురించి నవ్వొచ్చేదేముంది?"

"నన్నడగమను," అంటూ ఆయన ఫోను లాక్కున్నాడు. "రాసుకో బాబూ. మా బాబాయి పోయినప్పుడు, అందరూ బయట ఏడుస్తుంటే, ఈవిడ లోపలికెళ్ళి ఆయన నోట్లో పళ్ళ సెట్టు సరిచేసింది. తన చేతి పనట! 'బతికున్నన్నాళ్ళూ వంకరగానే పెట్టుకున్నారు, ఇప్పుడైనా తిన్నగా ఉండండి మామయ్యా' అంటోంది."

ఆవిడ మొహం కందిపోయింది. మామయ్య పోయిన రోజు ఆ గదిలో ఎవరూ లేరనే ఇన్నాళ్ళూ అనుకుంది. "మీరెప్పుడు చూశారు? అది చెప్పడానికి వీల్లేదు!"

"సరే," అన్నాడాయన. ముందు డ్రైవరు బ్రేకు వేశాడు.

అవతల నిర్వాహకుడు పగలబడి నవ్వుతున్నాడు. వచ్చే శనివారం కొత్తది విన్నాకే పావుగంట సంగతి తేలుస్తానన్నాడు. ఆయన ఫోను తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

రెండు స్టాపులు దాటాయి.

"మామయ్యకి మీసం ఎగుడుదిగుడుగా ఉండేది," అంది ఆవిడ మెల్లగా. "పళ్ళు వంకరగా పెట్టుకోడం వల్లే. నేను సరిచేశాక మీసం కూడా తిన్నగా కుదిరింది. మనిషే మారిపోయాడు. బయటికి తెచ్చాక మీ పిన్నిగారు ఒక క్షణం ఏడుపు ఆపి చూశారు."

ఆయన భుజాలు కదలడం మొదలైంది.

"అయితే నేను రాసివ్వనా?"

"అక్కర్లేదు," అంది. "నేనే చెప్తా. ముందు మీ పిన్నిగారిని అడగాలి."