దుబాయి వార్డు నుంచి తనకల్లు దాకా

పదేళ్ల కిందట, వేసవి ముగిసే రోజుల్లో, ఒక రోగిని ఇండియాకు తీసుకెళ్లే ఎస్కార్ట్ నర్సుగా నాకు డ్యూటీ పడింది. అప్పుడు నేను దుబాయిలో ఒక ఆసుపత్రిలో వెన్నెముక గాయాల వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మాది బెళుగుప్ప. నర్సింగ్ చదివి, అనంతపురంలో కొన్నాళ్లు పనిచేసి, ఆ దేశం వెళ్లాను.

ఎస్కార్ట్ డ్యూటీ గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. లేవలేని రోగిని విమానంలో తీసుకెళ్లాలంటే వెనక సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కడతారు. రోగి ప్రయాణం తట్టుకోగలడని మా డాక్టరు రాసివ్వాలి. దాన్ని విమాన సంస్థ వైద్యుడు ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఆక్సిజన్, మందులు, కఫం లాగే సక్షన్ మిషన్, అన్నిటికీ నర్సుదే పూచీ. ఇంటి గడప దాకా చేర్చి, అప్పగించినట్టు సంతకం తీసుకుంటే పని అయిపోయినట్టే. ఆ వంకన సొంత ఊరు చూసి రావచ్చని చాలామంది ఈ డ్యూటీ కోరుకునేవారు.

రోగి పేరు ఖాదర్ వలీ. తనకల్లు దగ్గరి పల్లె. టైల్స్ పరిచే మేస్త్రీ. పనిలో ఉండగా కాలు జారి పైనుంచి పడ్డాడు. మెడ ఎముక విరిగింది. కాళ్లు పూర్తిగా పోయాయి, చేతులు భుజాల దాకా కొద్దిగా కదిలేవి. ఊపిరి తనే తీసుకోగలడు కానీ గట్టిగా దగ్గే బలం లేదు. అందుకని గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఆ గొట్టం ఉన్నంత కాలం మామూలుగా మాట బయటికి రాదు, పెదవులు కదులుతాయి, అంతే.

ఆ వార్డులో లోటు అంటూ ఉండేది కాదు. గాలి పరుపు, వేళకు పక్కకు తిప్పే మనుషులు, రోజూ ఫిజియోథెరపీ. ఆయాసం వస్తే నిమిషాల్లో డాక్టరు. అయినా అతను ఒక వారమంతా ఒకే మాట పెదవులతో అంటూ ఉన్నాడు. మా నర్సులు ఫిలిప్పీన్స్, కేరళ పిల్లలు. నొప్పేమోనని మందు ఇచ్చారు, దిండు మార్చారు. నేను సెలవు నుంచి వచ్చి చూస్తే ఆ మాట ‘సలి’. మెడ దగ్గర దెబ్బ తగిలిన వాళ్ల ఒంటికి వేడినీ చలినీ సర్దుకునే శక్తి పోతుంది. ఏసీ వార్డులో అతను వారం రోజులుగా వణికిపోతున్నాడు. ఇంకో దుప్పటి కప్పి, నేను బెళుగుప్పదాన్నని చెప్పాను. చాలాసేపు నా ముఖంలోకే చూశాడు.

కొన్ని నెలలకు అతని పరిస్థితి కుదుటపడింది. ఇక ఇంటికి పంపవచ్చని మీటింగులో డాక్టర్లు అన్నారు. నాకు భయం వేసింది. తనకల్లు మండలం నాకు తెలుసు. కరెంటు పోతే సక్షన్ మిషన్ ఆగుతుంది. ఊపిరి అందకపోతే కదిరికి, అక్కణ్ణుంచి అనంతపురానికి పరుగెత్తాలి. రోగినే అడగాలని పట్టుబట్టాను. గొట్టం చుట్టూ ఉండే చిన్న బుడగలో గాలి తీసేసి, గొట్టం మూతికి వాల్వు బిగిస్తే కాసేపు మాట వస్తుంది. డాక్టరు ఎదుటే ఆ పని చేసి అడిగాను.

“ఈడ మిషన్లు ఉండాయి, డాక్టర్లు ఉండారు. ఇంటికాడ అవేవీ ఉండవు, ప్రాణానికి ప్రమాదం. నీకు యాడ ఉండాలని ఉండాది?”

నెలల తర్వాత అతని గొంతు బయటికి వచ్చింది. “నన్నడిగితే ఏమి చెప్తాను సిస్టర్? మోసేది ఖైరూన్ కదా. ఆమెను అడగండి.”

ఖైరూన్ అతని భార్య. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“ఆడుంటే ఎక్కువ కాలం బతుకుతాడా?” అని అడిగింది.

బతకవచ్చు అన్నాను.

“ఆడ ఆయప్పతో మాట్లాడే మనిషి ఎవురన్నా ఉండారా?”

నేనొక్కదాన్నే, అది కూడా డ్యూటీలో ఉన్నప్పుడే, అన్నాను.

“అయితే పిల్చకరాండి. కానీ నాకు పని నేర్పీయల్ల సిస్టర్. ఇంట్లో దించి పోతామంటే నేను ఒప్పుకోను,” అంది.

ఎస్కార్ట్ నిబంధనల్లో నేర్పడం లేదు. నా సెలవులోంచి రెండు వారాలు రాసుకున్నాను. కరెంటు లేనప్పుడు పనికొస్తుందని కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి సంపాదించాను.

బెంగుళూరు విమానాశ్రయం నుంచి అంబులెన్సులో బాగేపల్లి దాటి, కదిరి మీదుగా ఊరు చేరాం. ఊరంతా ఇంటి ముందే ఉంది. దుబాయిలో నేనున్న అపార్టుమెంటులో ఎదుటి తలుపు వెనక ఎవరుంటారో నాకు చివరిదాకా తెలియదు. ఇక్కడ మంచం దింపకముందే ఖాదర్ తలను నిమిరిన చేతులు లెక్కలేనన్ని. అతని కళ్లలో నీళ్లు చూసి, నా భయం అనవసరమేమో అనుకున్నాను.

మూడో నాటికి జ్వరం వచ్చింది. కఫం చిక్కబడింది. అక్కడ చలికి వణికిన ఒళ్లు ఇక్కడ స్లాబు కింది ఉక్కకు కాగిపోతోంది. తడిబట్టలతో తుడుస్తూనే ఉన్నాం. వచ్చేవాళ్లు మాత్రం ఆగలేదు. అన్నం తెచ్చేవాళ్లు, దువా చేసేవాళ్లు, గొట్టం ముట్టి చూసేవాళ్లు. ఎవరినీ లోపలికి రానివ్వొద్దన్నాను. ఖాదర్ తమ్ముడు మస్తాన్‌కు అది నచ్చలేదు. “సూడనీకి వచ్చినోళ్లను పొమ్మంటే ఊర్లో తలెత్తుకోని తిరగలేము సిస్టర్,” అన్నాడు.

మా ఇద్దరి మాటా విన్న ఖైరూన్ బకెట్టు నీళ్లు, సబ్బు తెచ్చి గడపలో పెట్టింది. వచ్చిన ప్రతివాళ్లతోనూ ఒకటే మాట. “చేతులు కడుక్కోని రాండి. ఆయప్పను తిప్పే టైం అయింది. ఒక చెయ్యి పట్టండి.”

మర్నాటికి జనం సగమయ్యారు. నేను బయల్దేరే నాటికి మిగిలింది మస్తాన్, పక్కింటి లక్ష్మక్క, ఖాదర్‌తో కలిసి చదువుకున్న ఒక ఆటో డ్రైవరు. వెళ్లిపోయినవాళ్లది తప్పని నేను అనను. ఎవరి చేను వాళ్లకుంది, అప్పుడు వేరుశనగ విత్తే అదును కూడా. ఈ ముగ్గురూ ఖైరూన్‌తో కలిసి గొట్టం శుభ్రం చేయడం, పుండ్లు పడ్డాయేమోనని వీపు చూడడం, పంపు తొక్కడం నేర్చుకున్నారు. జ్వరం తగ్గింది.

ఖాదర్ వలీ ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికాడు. ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. మా వార్డులో కూడా అందరి విషయంలో అలా చెప్పలేం. మూడో చలికాలంలో న్యుమోనియా వచ్చింది. కదిరి నుంచి అనంతపురం తీసుకెళ్తుండగా దారిలో పోయాడు. మా వార్డులో అయితే పొద్దున ఎక్స్‌రేలోనే అది బయటపడేది.

రిటైరై వచ్చాక ఆ ఇంటికి వెళ్లాను. ఖైరూన్ టీ పెట్టిచ్చి సూటిగా అడిగింది. “ఆడ్నే ఉండింటే బతికింటాడు కదా సిస్టర్?”

“బతికి ఉండొచ్చు,” అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె తలూపింది. “నేనూ ఒకసారి ఆయప్పను అడిగినా, పిలిపిచ్చి తప్పు చేసినానా అని. ‘ఆ మాట ఇడిచిపెట్టు, మెడ కింద దిండు సర్దు’ అని పెదవులతోనే అన్నాడు. సర్దినా.”

ఆ డ్యూటీ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఏ రోగిని ఇంటికి పంపాలన్నా, విమాన సంస్థకు కాగితాలు పెట్టకముందే, ఆ ఇంట్లో చూసుకోబోయే మనిషి ఎవరో కనుక్కుని నేరుగా ఫోన్‌లో మాట్లాడేదాన్ని. బంధువులు ఎంతమంది ఉన్నారని అడిగేదాన్ని కాదు. పని నేర్చుకుంటానన్న మనిషి ఒక్కరు దొరికితే, పంపవచ్చని నర్సింగ్ రిపోర్టులో రాసేదాన్ని. దొరకకపోతే రాసేదాన్ని కాదు. అలా ఆగిపోయిన వాళ్లలో కొందరు శుభ్రమైన పడక మీద, తమ భాష తెలిసిన మనిషి పక్కన లేకుండా, ఆ నగరంలోనే చనిపోయారు. ఆ నిర్ణయాలూ నావే.