చుక్కంత వెలుగు

మా మేనమామ బైకు కార్బురేటర్‌ను వసారాలోనే, అన్నం పళ్లెంలో విప్పి కడిగేవాడు. కడిగాక, పెట్రోలు పారే చిన్న ఇత్తడి జెట్‌ను ఆకాశానికెత్తి, ఒక కన్ను మూసి, దాని సన్నటి బెజ్జంలోంచి చూసేవాడు. "చుక్కంత వెలుగు కనపడాల" అనేవాడు.

ఆరోజు మా రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయాయని ఫోనొచ్చింది. వెంటనే వెళ్లకపోతే గాలందక రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. బైకేమో స్టార్టవలేదు. మామ జెట్‌ను మూడుసార్లు కడిగి, ఊది, ఎత్తి చూశాడు.

"ఇంకా మూసుకోనే ఉండాది."

గుమ్మంలో చేతులు పిసుక్కుంటున్న అత్తను "తొందరపెట్టబాక" అని కసిరాడు.

నేను జెట్ తీసుకుని చూశాను. బెజ్జం నిండా వెలుగే. మామ కళ్లలోకి చూశాను. కంటిపాప మీద తెల్లటి పొర.

"శుభ్రంగా ఉండాది మామా, బిగించు. బండి నేను తోలతా."

మామ బిగించాడు. తాళం నా చేతిలో పెడుతూ, గొంతు తగ్గించి అన్నాడు: "మీ అత్తకు చెప్పబాక."