సెక్రటరీ కాక పెట్టిన గంట గడువు

మొన్న మంగళవారం పొద్దున శ్రావణ్ ఫోన్ చేసి, "అన్నా, బాపు పోయిండు" అన్నాడు. పది రోజులుగా దవాఖానలో ఊపిరి కోసం ఆయన పడుతున్న అవస్థ చూసినవాణ్ణే అయినా, ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నాకు ఏడుపు కన్నా ముందు కోపమే వస్తుంది, నా తత్వం అంతే.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండడు. వరంగల్ మగ్గాల వాడల్లో మాత్రం సెక్రటరీ కాక అంటే తెలియనివాళ్లు లేరు. శ్రావణ్‌కు తండ్రి, మా వాడ మొత్తానికీ బాబాయి వరస, కాక. పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసేవాడు. ఆ పని వదిలిన మరుక్షణం నుంచి మా ఫుట్‌బాల్ లీగు పని పట్టుకునేవాడు.

వరంగల్‌లోని బట్టల మిల్లు మూతపడ్డప్పుడు ఆ మిల్లు ఫుట్‌బాల్ జట్టు కూడా చెదిరిపోయింది. ఆడేవాళ్లు ఏ వాడకు ఆ వాడ తలా ఒక జట్టు కట్టుకున్నారు. వాళ్లందరినీ ఒక చోట కూర్చోబెట్టి లీగు చేసింది, దానికి సెక్రటరీగా నిలబడింది కాకే. మొదట ఆరు జట్లు. తర్వాత ఖిలా వరంగల్ వాళ్లు, పాలకుర్తి వాళ్లు, తొర్రూరు వాళ్లు వచ్చి చేరారు. జట్లు పెరిగాక రెండు డివిజన్లు చేశాడు. ఏటా పై డివిజన్‌లో చివరన మిగిలిన జట్టు కిందికి దిగాలి, కింది డివిజన్‌లో గెలిచిన జట్టు పైకి రావాలి. మ్యాచ్‌లు కరెంటు సెలవు రోజున పెట్టేవాడు. అప్పట్లో వారానికొక రోజు మగ్గాలకు కరెంటు ఉండేది కాదు. ఊరంతా విసుక్కునే ఆ రోజు మాకు మాత్రం పండుగ.

ఖిలా వరంగల్ వాళ్లు చేరేటప్పుడు ఒక పేచీ పెట్టారు. "సెక్రటరీ మీ వాడ మనిషాయె, మాకేం గ్యారంటీ?" అన్నారు. కాక అక్కడికక్కడే కాగితం తీసి రాశాడు. సెక్రటరీ ఏ జట్టుకూ సలహా చెప్పకూడదు, ఏ జట్టు మీదా ఫిర్యాదు చేయకూడదు. మ్యాచ్ అయిన గంటలోపు ఆ రెండు జట్ల కెప్టెన్లలో ఎవరైనా రాసి ఇస్తేనే ఫిర్యాదు. గంట దాటితే ఫలితం ఖాయం. కాగితం మీద పెట్టని నియమం ఇంకొకటి ఉంది. సొంత కొడుకు పేరు ఏ జట్టులోనూ నమోదు కానివ్వలేదు. శ్రావణ్ అంత బాగా ఆడేవాడు మా వాడలో ఇంకొకడు లేడు. "సెక్రటరీ కొడుకని ఆడిపిస్తాండ్రని ఒక్కడన్నా అంటే ఈ లీగు ఉండది" అనేవాడు కాక. ఆ మాట అనేటప్పుడు కొడుకు ముఖం చూసేవాడు కాదు.

ఆయన అలవాట్లు మాకు నవ్వులాట. ప్రతి ఆటగాడి ఫొటోనూ రిజిస్టర్‌లో నూలుకు పట్టించే గంజితోనే అతికించేవాడు. "కాయితం మీద లేనోడు గ్రౌండ్ల లేనట్టే" అని రోజుకు పదిసార్లు అనేవాడు. మ్యాచ్ అయ్యాక బల్ల మీద తన వాచీని కెప్టెన్ల వైపు తిప్పి పెట్టి, పావుగంటకోసారి టైము గట్టిగా చెప్పేవాడు. ఎవరూ ఫిర్యాదు చేయరని తెలిసినా ఆ గంట కదిలేవాడు కాదు. మేము వెనక నిలబడి ఆయన గొంతును అనుకరించేవాళ్లం.

ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చాక మగ్గాలు బాగుపడ్డాయి, మా లీగుకు మాత్రం రోజు లేకుండా పోయింది. కాక మ్యాచ్‌లను ఆదివారానికి మార్చి, షెడ్డు షెడ్డుకూ తిరిగి మగ్గాల యజమానులైన సేట్లను బతిమాలాడు. కొందరు సెలవిచ్చేవారు, కొందరు ఇచ్చేవారు కాదు. నా తప్పు అక్కడ మొదలైంది.

మగ్గాల దగ్గర మాకొక పద్ధతి ఉంది. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు వచ్చి అతని పేరు మీదే మగ్గం నడుపుతారు. బదిలీ మనిషి అంటాం. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు, సాయమనే అనుకుంటారు.

ఆరేళ్ల కిందట, సీజన్ చివరి మ్యాచ్. మా వాడ జట్టుకు నేను కెప్టెన్‌ని. ఎదుట తొర్రూరు జట్టు. ఓడినవాళ్లు కిందికి దిగాలి, డ్రా అయినా దిగేది మేమే. దిగితే మంచి ఆటగాళ్లంతా వేరే జట్లకు వెళ్లిపోతారని, కాక చేత్తో మొదలైన మా జట్టు ఇక నిలబడదని నాకు భయం. సరిగ్గా ఆ పొద్దునే మా డిఫెండర్ సదానందాన్ని సేటు మగ్గం వదిలి రానివ్వలేదు. బదిలీ మనిషిని పంపుతామన్నా ఒప్పుకోలేదు. నేను తిన్నగా శ్రావణ్ దగ్గరికి వెళ్లాను.

"సదానందం పేరు మీద నువ్వాడు తమ్మీ. ఆయన మగ్గం నువ్వు ఎన్నిసార్లు నడపలేదు? ఇదీ గంతే."

"బాపుకు తెలిస్తే?"

"బాపు ఖిలా వరంగల్ మ్యాచుకు పోయిండు. నువ్వు ఫికర్ చెయ్యకు, అంత నేను చూసుకుంటా."

పంతొమ్మిదేళ్లవాడు. ఒక్కసారైనా లీగులో ఆడాలని ఎంత ఉందో వాడి కళ్లలో కనబడింది. దాన్ని వాడుకున్నాను.

రెండో సగంలో కాక స్కూటర్ వచ్చి ఆగింది. బల్ల దగ్గర కూర్చుని, మేమిచ్చిన పేర్ల కాగితం చూసి, రిజిస్టర్ తెరిచాడు. తల ఎత్తి సదానందం వేసుకునే ఐదో నంబరు జెర్సీని చూశాడు. రిజిస్టర్ మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. కాసేపటికి మాకు ఫ్రీ కిక్ దొరికింది. శ్రావణ్ కొట్టాడు. గోల్. ఆ ఒక్క గోల్‌తోనే మ్యాచ్ గెలిచాం.

మా వాడ జనం గ్రౌండులోకి ఉరికి వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. డప్పులు మోగుతున్నాయి, ఈలలు వేస్తున్నారు, కానీ ఒక్కరూ వాడి పేరు పలకడం లేదు. అందరికీ తెలుసు, పలికితే దొరికిపోతామని. వాడు భుజాల మీద కూర్చుని తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

కాక వాచీ తీసి మా వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

తొర్రూరు వాళ్లకు మాలో ఏ ముఖం ఎవరిదో అంతగా తెలియదు. గూడ్సు ఆటో పక్కన నేల మీద కూలబడి ఉన్నారు. వాళ్ల కెప్టెన్ బల్లకు అటువైపు, నేను ఇటువైపు, మధ్యలో కాక. నోరు తెరవడానికి ఆయనకు హక్కు లేదు, ఆ హక్కు తానే వదులుకున్నాడు. పైగా ఆడింది తన కొడుకు. రేపు ఈ సంగతి బయటపడితే తండ్రీకొడుకులు కలిసి ఆడిన నాటకమని అందరూ అంటారు. ఆయన ఇన్నేళ్ల మాట పోతుంది, లీగూ పోతుంది. గంట దాటనిస్తే మా జట్టు నిలుస్తుంది. నేను వాచీ వైపే చూస్తూ కూర్చున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ముల్లు తొందరగా తిరగాలని మొక్కుకున్నాను కూడా.

"పావుగంట అయింది" అన్నాడు కాక.

"అరగంట అయింది."

మూడోసారి "ముప్పావుగంట" అని, మిగతా మాట మింగేశాడు. ఆయన గొంతు అలా తడబడటం నేనెప్పుడూ వినలేదు. నా వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు. చూస్తే అది కూడా సలహా కిందికి వస్తుందనుకున్నాడేమో, చూపు నేల మీదే ఉంచాడు. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. తొర్రూరు కెప్టెన్‌ను పెన్ను అడిగాను. కళ్లు తుడుచుకుని ఇచ్చాడు.

"ఏం రాస్తానవన్నా?"

"రాసినంక చదువుదువు."

నాలుగు వరుసలు రాశాను. సదానందం పేరు మీద వేరేవాణ్ణి ఆడించామని, ఆడించింది నేనేనని. కాక కాగితం అందుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి నాకే తిరిగిచ్చాడు.

"సంతకం పెట్టలే."

పెట్టాను. వాచీని తన వైపు తిప్పుకుని, అందిన టైము వేసి, లేచి నిలబడ్డాడు. డప్పులు ఆగాయి. మ్యాచ్ తొర్రూరు జట్టుకు ఇస్తున్నట్టు, మా జట్టు కిందికి దిగుతున్నట్టు, నన్నొక సీజన్ నిషేధిస్తున్నట్టు చదివాడు. ఆ తర్వాత, "పేరు లేకుంట ఆడిన మనిషికి కూడ ఒక సీజన్ నిషేధం. ఆ మనిషి పేరు శ్రావణ్. నా కొడుకు" అన్నాడు. ఆ రోజు మొత్తంలో ఆ గ్రౌండులో వాడి పేరు పలికింది ఆయన ఒక్కడే. భుజాల మీది నుంచి వాణ్ణి మెల్లగా కిందికి దించారు.

వాడ కాకతోనూ నాతోనూ మాట్లాడటం మానేసింది. నేను భయపడ్డట్టే కొందరు ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఎలాగో పదకొండు మందిని పోగేశాం. మొన్న కాక అంత్యక్రియలకు తొర్రూరు నుంచి ఆటో నిండా మనుషులు వచ్చారు. అక్కడ అందరూ ఆ తీర్పు గురించే చెప్పుకున్నారు. నేను విన్నాను, తలూపాను. కానీ ఆయన పోయినప్పటి నుంచి నా కళ్ల ముందు మెదులుతున్నది అది కాదు.

ఆ తీర్పు తర్వాత వచ్చిన సీజన్‌లో మొదటి పొద్దు, కింది డివిజన్, రాళ్లు తేలిన గ్రౌండు. గీతలు గీయడానికి మా వాడ నుంచి ఎవరూ రాలేదు. నిషేధం ఉన్నవాడు ఆడకూడదని ఉంది గానీ గీతలు గీయకూడదని ఎక్కడా లేదు కదా అని నేను సున్నం సంచి పట్టుకెళ్లాను. చూస్తే శ్రావణ్ అప్పటికే వచ్చి, నూలు తాడు ఒక కొస పట్టుకుని ఆ మూల నిలబడి ఉన్నాడు. తండ్రీకొడుకుల మధ్య రెండు నెలలుగా మాట లేదు. నేను రెండో కొస అందుకున్నానో లేదో, కాక స్కూటర్ వచ్చింది. నా చేతిలోంచి తాడు రెండో కొస తీసుకుని ఈ మూలన గొంతుక్కూర్చున్నాడు. నేను సున్నం పోయడానికి వంగాను. తాడు వదులుగా గడ్డి మీద పడి ఉంది.

"వంకర పోతాంది" అన్నాడు కాక గట్టిగా. మళ్లీ, "జర గట్టిగ గుంజి పట్టు, బిడ్డా" అన్నాడు.

అటువైపు నుంచి శ్రావణ్ గుంజాడు. ఇటు కాక గుంజాడు. తాడు గడ్డి మీది నుంచి లేచి నా మోకాళ్ల పక్కన వణుకుతూ నిలబడింది. నేను తల ఎత్తకుండా, తండ్రి దగ్గర మొదలుపెట్టి కొడుకు దాకా సున్నం పోసుకుంటూ నడిచాను.