లాక్ ఫైలులో ఉన్న పేరు

ఎనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అనడం కూడా గొప్ప చెప్పుకోవడమే. బరువైతే భుజం మార్చుకోవచ్చు, ఎక్కడైనా కాసేపు దించి కూర్చోవచ్చు. ఇది పళ్ల సందున ఇరుక్కున్న చెరకు పీచు. ఏం తింటున్నా, ఎవరితో మాట్లాడుతున్నా నాలుక అక్కడికే పోతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలే, పెద్దమనిషివి, ఏదో పొరపాటు" అంటారు. ఆ పొరపాటు అనే మాట చాటున నేను ఎనిమిదేళ్లు బతికాను. ఇక చాలు.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. బోధన్ దిక్కున చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేశాను. చెరకు బండి కాటా మీదికి ఎక్కగానే వెనక ఒక ఇనుప గొలుసు అడ్డం కట్టేవాళ్లం. తూకం అయ్యేదాకా రెండో బండి రాకూడదు. రెండు బండ్ల బరువు కలిస్తే ఏ రైతుది ఎంతో బ్రహ్మకు కూడా తెలియదు. కొన్నాళ్లకు కాటాకు కంప్యూటర్ వచ్చింది. నేర్పడానికి వచ్చినవాళ్లు మూడు రోజులు నేర్పి ఒక ఇంగ్లీషు పుస్తకం పడేసి పోయారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. ఒక్కో పేజీకి ఒక్కో వారం పట్టింది. ఎవరూ నాకు ఒక్క అక్షరం చెప్పలేదు. ఇది పదే పదే చెప్పుకోవడం నాకు అలవాటు. ఈ అలవాటే నన్ను ఎక్కడికి తెచ్చిందో ముందు ముందు చూస్తారు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. మొత్తం ఐదుగురం. దూరాన ఉన్న ఇంకో ఫ్యాక్టరీ తరఫున చెరకు రైతుల ఫోన్లకు కటింగ్ ఆర్డర్లు పంపడం మా పని. ఎవరి చేను ఏ వారం కోయాలో ఆ మెసేజ్ చెబుతుంది. మెసేజ్ రానిదే రైతు కొడవలి పెట్టడు. వస్తే మాత్రం మర్నాడు పొద్దున్నే మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల గుంపు చేన్లో దిగుతుంది. కోసిన చెరకు ఎండలో నిలబడితే రోజురోజుకూ బరువు తగ్గిపోతుంది. అంటే మా మెసేజ్ తప్పితే ఒక కుటుంబం ఏడాది కష్టం ఎండిపోతుంది. ఇది మా ఐదుగురికీ తెలుసు.

కొత్తగా రాసిన ప్రోగ్రాంను సర్వరు మీదికి ఎక్కించే స్క్రిప్టు నేనే రాశాను. ఒకరు దాన్ని నడుపుతుండగా ఇంకొకరు నడపకూడదు. కాటా గొలుసు లాంటిదే అందులోనూ పెట్టాను. స్క్రిప్టు మొదలవగానే ఒక చిన్న ఫైలు తయారు చేస్తుంది. ఆ ఫైలు ఉన్నంతసేపూ రెండోవాడి స్క్రిప్టు ముందుకు కదలదు. పని ముగియగానే స్క్రిప్టే ఫైలును తీసేస్తుంది. లాక్ ఫైలు అంటారు దాన్ని.

అందులో ఒక తలనొప్పి ఉంది. కరెంటు పోయినా, నెట్ తెగినా స్క్రిప్టు మధ్యలో చచ్చిపోతుంది. ఫైలు మాత్రం అలాగే ఉండిపోతుంది. లోపల ఎవరూ ఉండరు, బయట గొలుసు వేలాడుతుంటుంది. మా వీధిలో కరెంటు సంగతి ఏం చెప్పమంటారు! వారానికి నాలుగుసార్లు ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చేది. అందుకని నేనే ఒక కాయిదా, అంటే నియమం, పెట్టాను. లాక్ ఫైలులో నడిపేవాళ్లు మొదట కొట్టే తమ పేరు, నడుస్తున్న స్క్రిప్టు నంబరు పడతాయి. తీసేముందు పేరు చదవాలి. ఆ మనిషిని నోటితో అడగాలి. ఆ మనిషే తీయాలి, ఇంకొకరు ముట్టకూడదు. కాగితం మీద రాసి గోడకు అంటించింది నేనే.

సరిత మా ఆఫీసులో చేరి అప్పటికి ఏడాది. డిచ్‌పల్లిలో కంప్యూటర్లు చదివింది. బీడీలు చుట్టే తల్లి చదివించిన పిల్ల. నెమ్మదిగా మాట్లాడుతుంది, కానీ తప్పు కనిపిస్తే ఊరుకోదు. ఒకరోజు అందరి ముందూ, మా మేనేజరు నరహరి కూడా ఉండగా, ఆ స్క్రిప్టు గురించి ఒక మాట అంది. ఫైలు ఉందా లేదా అని చూడటం కాదు, సిస్టంనే తాళం పట్టుకోమని అడగొచ్చట. అప్పుడు స్క్రిప్టు చచ్చిపోతే తాళం దానంతటదే వదిలిపోతుందట. ఎవరూ చేత్తో తీయాల్సిన పనే ఉండదట.

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. వినగానే నాకు తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే మండింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నేను ఏళ్ల తరబడి తవ్వుకున్నది ఈ పిల్లకు కాలేజీలో ఒక్క పూటలో చెప్పేశారు. "చూద్దాంలే" అన్నాను. చూడలేదు.

ఆ తర్వాతి వారం సంగతి. ఫ్యాక్టరీ గానుగ జోరు పెంచింది. కొన్ని ఊళ్ల రైతులందరికీ కోత ఒక వారం ముందుకు వచ్చింది. ఆ తేదీలు మార్చే ప్రోగ్రాం సరిత రాసింది. మధ్యాహ్నం స్క్రిప్టు మొదలుపెట్టి, అది మెల్లగా నడుస్తుందని తెలుసు కాబట్టి, డబ్బా తీసుకుని కిందికి అన్నానికి వెళ్లింది.

నాకూ ఒక పని ఉంది. బోధన్ అవతల ఒక ఊరి పేరు మెసేజ్‌లో తప్పు పడుతోంది. ఆ ఊరి పెద్దమనిషి ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అన్నాడు. పేరు సరిదిద్ది స్క్రిప్టు నడిపాను. ఆగిపోయింది. లాక్ ఉంది అంది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ నడిపాను. లాక్ ఉంది. ఫోన్ మళ్లీ మోగింది. మళ్లీ నడిపాను. లాక్.

ఫైలు తీసేశాను.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ ఇక్కడితో ఆగేది. కరెంటు పోయి స్క్రిప్టు చచ్చిపోయిందనుకున్నాను, పాత లాక్ అనుకున్నాను, తీశాను. ఎవరైనా చేసే పని. వారానికి నాలుగుసార్లు చేసే పనే కదా?

కాదు. తీసేముందు ఫైలు తెరిచాను. సరిత పేరు ఉంది. నంబరు ఉంది. ఆ నంబరు బతికి ఉందో లేదో చూసే కమాండు కొట్టాను, వేళ్లకు అలవాటైన పని కాబట్టి. బతికే ఉంది. నడుస్తోంది. కళ్లారా చూశాను. మెట్లు దిగితే ఆమె అక్కడే ఉంది, పద్నాలుగు మెట్లు. నేను దిగలేదు. ఆ క్షణంలో నా మనసులో ఉన్న మాట ఏమిటో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. "నేను కట్టిన గొలుసుతో నన్నే ఆపుతుందా ఈ పిల్ల?" అదీ మాట. తెలివితక్కువతనం కాదు, తొందర కాదు. రోషం.

తేదీలు మార్చేముందు "ఇది ఇప్పటికే జరిగిందా" అని చూసుకునే జాగ్రత్త కూడా సరిత రాసింది. కానీ ఎవరు నడిపినా స్క్రిప్టు అందరూ రాసిన కొత్త మార్పులన్నీ కలిపే నడుపుతుంది. ఆమెది ముగియకముందే నాది కూడా చూసింది. రెండింటికీ లేదనే జవాబు వచ్చింది. రెండూ మార్చాయి. ఒక వారం ముందుకు జరగాల్సిన కోత రెండు వారాలు ముందుకు జరిగింది. ఆ సాయంత్రమే మెసేజ్‌లు వెళ్లిపోయాయి. మర్నాడు మేం తేరుకుని ఇంకో మెసేజ్ పంపేసరికి, దగ్గర దగ్గర ముప్పై మంది చేన్లలో చెరకు నేలమీద ఉంది.

ఐదో రోజు నరహరి అందర్నీ కూర్చోబెట్టాడు. గంగారాం అనే రైతు పొద్దున్నే వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏం సార్, మీ కంప్యూటర్‌కు గంత తొందరేమొచ్చింది? ముహూర్తం దాటిపోతుండెనా?" అన్నాడు. "నాలుగు ట్రాలీల చెరుకు గేటు కాడ ఎండుతున్నది. గేటోడు నీ వారం గాదు పో అంటడు. మెసేజ్ సూపెడితే నవ్వుతడు. ఇగ పొయ్యిల వెట్టుకోమంటరా?"

నరహరి చేతిలో సర్వరు లాగ్ ఉంది. మా అందరికీ ఒకటే లాగిన్. ఎవరు నడిపారో అందులో ఉండదు, ఎప్పుడు నడిచిందో మాత్రమే ఉంటుంది. రెండుసార్లు నడిచినట్టు ఉంది.

"సరితా, రెండుసార్లు ఎందుకు నడిపినవమ్మా?" అన్నాడు.

"ఒక్కసారే సార్. ఒక్కసారే నడిపి తినపోయిన."

"మరి రెండోది ఎట్ల నడిచె? దయ్యం నడిపిందా?" నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. లాక్ ఉంటె రెండోసారి నడుస్తదా?"

"నడవది," అన్నాను. "ఎవరన్న తీస్తెనే నడుస్తది."

"ఎవరు తీస్తరు?"

గోడ మీద నేనంటించిన కాగితం ఆమె తల వెనకే ఉంది. "లోపల ఎవరి పేరుంటదో వాళ్లే తీస్తరు. గదే మన కాయిదా," అన్నాను.

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు చూడండి. కాయిదా అదే. అన్నీ నిజాలే. అంత శుభ్రంగా ఒక మనిషి గొంతు కోయవచ్చని ఆ రోజే తెలుసుకున్నాను.

సరిత నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. నమ్మకంగా చూసింది. నేను చెప్పానంటే నిజమై ఉంటుందని ఆమె అనుకుంది. "నేనే తీసిన్నేమో సార్. ఆగిపోయిందనుకొని మళ్ల నడిపిన్నేమో. యాదికొస్తలేదు," అంది.

"పొల్ల మంచిదే. మరి గీ యాది లేని పొల్ల చేతుల మా చెరుకెందుకు వెట్టిన్రు సార్?" అన్నాడు గంగారాం.

నరహరి ఆమెను తీసేయలేదు. సర్వరు ముట్టొద్దని చెప్పి, రైతుల ఫోన్లు ఎత్తే పని ఇచ్చాడు. నెల రోజులు నా పక్క బల్ల దగ్గర కూర్చుని, నా వల్ల ఎండిన చెరకు తాలూకు తిట్లన్నీ ఆమె తిన్నది. "అవును బాపు, నాదే తప్పు బాపు" అనేది. నేను వింటూ కీబోర్డు మీద టకటకలాడించేవాణ్ని. ఒక సోమవారం ఆమె రాలేదు. మళ్లీ రాలేదు.

ఆమె పోయాక ఆమె చెప్పిన పద్ధతే స్క్రిప్టులో పెట్టాను. ఇక ఎవరూ చేత్తో తీసే అవసరం లేకుండా పోయింది. "అన్న అన్ననే" అన్నాడు నరహరి. నోరు మూసుకుని ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

నాకు కోపం ఎక్కువ. ఎవరి మీద కావాలంటే వాళ్ల మీద వస్తుంది. అందరికీ ఒకే లాగిన్ ఇచ్చిన నరహరి మీద, వేళకు ఉండని కరెంటు మీద, మనవాడికి అర్థం కాని భాషలో పుస్తకాలు రాసేవాళ్ల మీద, ఫోన్‌లో అరిచిన ఆ పెద్దమనిషి మీద. ఎనిమిదేళ్లు వాళ్లందర్నీ మనసులో వరసగా నిలబెట్టి తిట్టాను. నా కోపంలో న్యాయం ఉంది కూడా. కానీ ఆ ఫైలు తెరిచి పేరు చదివింది కరెంటా? నరహరా?

పోయిన నెల ఎందుకో బోధన్ వెళ్లి, కొత్త ఫోటోలు దిగాల్సి వచ్చి ఒక దుకాణంలోకి ఎక్కాను. జిరాక్సులు, ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేసే దుకాణం. బల్ల వెనక సరిత. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. టీ తెప్పించింది. తన దుకాణమేనట. నేను సంతోషపడ్డాను. అమ్మయ్య, బాగానే ఉంది, నా వల్ల ఏమీ చెడిపోలేదు అనుకున్నాను. అంత నీచంగా సంతోషపడ్డాను.

అప్పుడు ఒక అవ్వ దరఖాస్తు తెచ్చింది. సరిత వివరాలు కొట్టి, పంపే బటన్ నొక్కింది. వెంటనే బల్ల మీది నోటుబుక్కులో టైము రాసి టిక్కు పెట్టింది. పేజీ నిండా అలాంటివే. ఒక్కో నొక్కుడుకు ఒక్కో టిక్కు. తర్వాత ఆ అవ్వనే అడిగింది, "అవ్వా, నేను ఒక్కసారే నొక్కిన గదా? సూసినవా?"

అవ్వ నవ్వింది. "నాకేమెరుక బిడ్డా, నాకు కండ్లే ఆనయి."

నేను చూస్తున్నది గమనించి సరిత సిగ్గుపడింది. "గప్పటిసంది అలవాటైంది సార్. నా యాది మీద నాకు నమ్మకం లేదు," అంది.

చెప్పేయాల్సింది అప్పుడే. చెప్పలేదు. వెనక జనం ఉన్నారనుకున్నాను. ఫోటోలు తీసుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక అర్థమైంది నేను ఏం చేశానో. చెరకు ఎండింది, మళ్లీ నాటుకున్నారు. ఉద్యోగం పోయింది, దుకాణం పెట్టుకుంది. కానీ తను చేసింది తనకు తెలుసన్న ధైర్యం ఉంటుంది చూడండి, తెల్లవారి లేస్తే మనిషి నిలబడేది దాని మీదే. నేను తీసింది అది.

ఈ రోజు పొద్దున బోధన్ వెళ్లాను. దుకాణం తెరుస్తోంది. రాసి తెచ్చిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాను. "ఏంది సార్?" అంది. చదవమని చెప్పి అక్కడే నిలబడ్డాను. పోయినసారిలా పారిపోలేదు. ఆమె ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. నన్ను తిట్టలేదు, ఏడవలేదు, టీ తెప్పించలేదు. షట్టరు సగం దించి, "మీరు పోండి సార్" అంది. వచ్చేశాను. నరహరికి కూడా అదే కాగితం పోస్టు చేశాను.

మీరు నన్ను క్షమించొద్దు. అది మీ చేతిలో లేదు. ఆమె క్షమిస్తుందని కూడా నేను అనుకోవడం లేదు, అడగలేదు కూడా. ఈ పూట అన్నం మాత్రం సహించింది. అంతే.

ఆ కాగితంలో నేను రాసింది ఇంతే: "ఆ మధ్యాహ్నం నువ్వు ఒక్కసారే నడిపినవు. రెండోసారి నడిపింది నేను. లాక్ తీసింది నేను. నీ పేరు చదివి, నీ స్క్రిప్టు నడుస్తున్నదని చూసి తీసిన. నీకు అంతా సరిగ్గానే యాదికుండె బిడ్డా."