ఎస్తేరు మేడమ్ ఇవ్వని మందు

బాక్టీరియాను పెంచడానికి వాడే పోషక ద్రవాన్ని మరిగిస్తే మాంసం రసం కాచినట్టు వాసన వస్తుంది. నెల్లూరులో నేనిప్పుడు పని చేస్తున్న ల్యాబ్‌లో ఈ ఉదయం పాత్ర మూత తీయగానే ఆ ఆవిరి ముఖానికి కొట్టింది. కొత్తగా చేరినవాళ్లు ఆకలేస్తోందని నవ్వుకున్నారు. నాకు మాత్రం ఎన్నేళ్లయినా ఆ వాసన వెనకే ఎస్తేరు మేడమ్ గుర్తుకొస్తారు.

ఆమె పశువైద్యురాలు. కృష్ణపట్నం వెళ్లే దారిలో, కంపెనీ బస్సులు రేపే దుమ్ము కిటికీల మీద పేరుకుపోయే ఒక చిన్న పరిశోధన కేంద్రం ఆమె చేతికింద ఉండేది. నేను అక్కడ టెక్నీషియన్ని. సన్నటి మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆదివారం చర్చికి వెళ్తూ కూడా దారిలో ఆగి, ల్యాబ్‌లో నత్తలు పెంచే టబ్బుల్లోకి ఒకసారి తొంగి చూసి వెళ్లేవారు.

ఒక కార్తీకమాసంలో, వానలు కాస్త తెరిపి ఇచ్చాక, పెంచలయ్య అనే గొర్రెల కాపరి జబ్బు చేసిన గొర్రెను ఆటోలో వేసుకొచ్చాడు. దాని దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. కిందికి దించేలోపే అది వరండాలో ప్రాణం వదిలింది. మేడమ్ అక్కడే కోసి, కార్జాన్ని, అంటే కాలేయాన్ని, రెండుగా చీల్చి అతని ముందు పెట్టారు. లోపల చిన్న ఆకుల్లాంటి పురుగులు మెల్లగా కదులుతున్నాయి.

“ఇవి కార్జం జలగలు పెంచలయ్యా. పెంటికలతో పాటు వీటి గుడ్లు కుంటలోకి పోతాయి. అక్కడ నత్తల్లో దూరి పెరుగుతాయి. తర్వాత బయటికొచ్చి గట్టున గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డే నీ గొర్రె తింటా ఉండేది.”

“రెండు తూర్లు మందు తాపినానమ్మా.”

“తాపితే లోపలున్నవి చస్తాయి. మళ్లీ ఆ గట్టునే మేపితే మళ్లీ వస్తాయి. నత్తలు ఉన్నన్నాళ్లూ ఇంతే.”

అప్పటికి రెండేళ్లుగా ఆమె ఆ నత్తల వెంటే పడి ఉన్నారు. ఒకసారి ల్యాబ్ వెనక గుంటలో నత్తలన్నీ ఒక్కసారిగా చచ్చిపోతే, కుళ్లిన ఆ మాంసంలోంచి ఒక బాక్టీరియాను వేరు చేశారు. దాన్ని పెంచి నత్తలున్న టబ్బులో పోస్తే నాలుగో రోజుకు ఒక్కటీ కదల్లేదు. చేపపిల్లల మీద, కప్పపిల్లల మీద చూశాం. వాటికేమీ కాలేదు. నేను సంబరపడిపోయి అందరికీ మిఠాయి తెస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

“ఇంకా రొయ్యలుండాయి మస్తాన్. ఈ చుట్టుపక్కల నీళ్లన్నీ తిరిగి తిరిగి ఏదో ఒక రొయ్యల గుంటకే చేరతాయి. అది చూడకుండా చుక్క కూడా గేటు దాటకూడదు.”

రొయ్యల మీద పరీక్షకు అనుమతి అడుగుతూ ఆమె రాసిన కాగితం పైఆఫీసులో ఉండిపోయింది. పెంచలయ్య మాత్రం వారం వారం వచ్చేవాడు. నత్తలు చచ్చే మందు మా దగ్గర ఉందని ఎవరో చెప్పారట. మేడమ్ ప్రతిసారీ ఓపిగ్గా అదే జవాబు చెప్పేవారు. చివరిసారి అతను “మీరు ఇట్టనే చూస్తా ఉండండమ్మా, ఈలోపల నా మంద అయిపోద్ది” అని వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు కుళాయి దగ్గర నిలబడి, అప్పటికే కడిగిన చేతులను మళ్లీ కడుక్కుంటూ ఉండిపోయారు.

మా నాన్నకు బుచ్చిరెడ్డిపాలెంలో మాంసం కొట్టు ఉండేది. జలగలు పట్టిన కార్జాలను తిట్టుకుంటూ అవతల పారేయడం నేను చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. ఆ మందల వాళ్ల కష్టం నాకు ఆమెకంటే బాగా తెలుసనుకున్నాను. మేడమ్ మీటింగుకని కావలి వెళ్లిన రోజు పెంచలయ్య మళ్లీ వచ్చాడు. “మస్తానన్నా, ఇంక నేను యాడికి పొయ్యేది?” అన్నాడు. ఫ్రిజ్ తెరిచి, ఆ బాక్టీరియా ఉన్న డబ్బా ఒకటి తీసి, కుంటలో పొయ్యమని అతని చేతిలో పెట్టాను. ఆమెకు లేని ధైర్యం నాకుందని కూడా అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆమె రాగానే ఫ్రిజ్ తెరిచారు. ఒక డబ్బా ఏదని అడిగారు. చెప్పేశాను. తిడతారని కాచుకుని నిలబడ్డాను.

“ఆ కుంట నీళ్లు యాడికి పోతాయి?”

“తెలీదు మేడమ్.”

“తెలీకుండానే ఇచ్చినావా?”

అప్పటికే జీపు తాళాలు ఆమె చేతిలో ఉన్నాయి. బాక్టీరియాను చంపే బ్లీచింగ్ పౌడర్ బస్తాలు వేసుకుని బయల్దేరాం. కుంట దగ్గర పెంచలయ్య మాకు సంతోషంగా ఎదురొచ్చాడు. ముందురోజు సాయంత్రమే డబ్బా అంతా పోసేశాడట. అవతలి గట్టున పాత తూము ఒకటి ఉంది. దాంట్లోంచి సన్నగా నీళ్లు కాలువలోకి జారుతున్నాయి. మేడమ్ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మోకాలి లోతు బురదలోకి దిగారు. ముగ్గురం కలిసి మట్టి బస్తాలతో తూము మూసి, కుంట నిండా పౌడర్ చల్లాం. కాలువ వెంట నడిస్తే అది తిన్నగా కోటిరెడ్డిగారనే రైతు రొయ్యల గుంటల దగ్గరికి తీసుకెళ్లింది. గుంటల్లోకి నీళ్లు తోడే మోటారును ఆయన మనుషులు అప్పుడే సిద్ధం చేస్తున్నారు.

“మోటారు వేయొద్దండీ,” అన్నారు మేడమ్, ఆయాసపడుతూనే.

“ఏందమ్మా మీరనేది?” అన్నారు గట్టు మీదున్న కోటిరెడ్డిగారు. “నీళ్లు తగ్గి రొయ్యలు పైకి తేలతా ఉండాయి.”

“మా ల్యాబ్‌లో పెంచిన బాక్టీరియా ఈ కాలవలో కలిసి ఉండొచ్చు. రొయ్యలకు హాని చేస్తుందో లేదో నాకింకా తెలీదు.”

ఆయన ముఖం గట్టిపడింది. “ఎవురు కలిపినారు?”

“మా ల్యాబ్‌ది. బాధ్యత నాదే.”

నేను ఆమెకు చెయ్యి చాపితే అందేంత దూరంలో, వెనకే నిలబడి ఉన్నాను. డబ్బా ఇచ్చింది నేనని చెప్పలేదు. ఆమె నా వైపు తిరిగి చూడనైనా లేదు.

ఆయన నోటికొచ్చినట్టు తిట్టారు. ఆమె తల వంచకుండా అంతా విన్నారు. చివరికి ఆయన మోటారు ఆపించి, గుంటల్లో నీళ్లకు గాలి ఎక్కించే చక్రాలు తిప్పించారు. ఆయన షెడ్డులోనే, ఆయన రొయ్యలతోనే పరీక్ష చేద్దామని మేడమ్ అడిగారు. నాలుగు టబ్బులు పెట్టాం. రెండింట్లో బాక్టీరియా కలిపాం, రెండింట్లో కలపలేదు. మూడు రోజులు ఆమె పొద్దున్నే వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో టబ్బుల ముందే కూర్చున్నారు. పరీక్షకు అనుమతి లేదని నేను గుర్తుచేస్తే, “నివేదిక రాసేటప్పుడు అదీ రాస్తాంలే” అన్నారు. కోటిరెడ్డిగారు గంటకోసారి వచ్చి చూసి, గట్టు మీదికి వెళ్లేవారు. నేను నీళ్ల వేడి కొలుస్తూ, అంకెలు రాస్తూ, ఆయన కళ్లలో పడకుండా తిరిగాను.

మూడో రోజు మధ్యాహ్నానికి, బాక్టీరియా కలిపిన రెండు టబ్బుల్లోనూ రొయ్యలు తెల్లగా మారి పక్కకు ఒరిగి ఉన్నాయి. మిగతా రెండింట్లో చెయ్యి పెడితే ఎగిరి పడుతున్నాయి. గుంటల్లో ఒక్క రొయ్యకూ ఏమీ కాలేదు.

“మోటారు వేసుంటే ఇట్టనే అయ్యుండేది గదా,” అన్నారు కోటిరెడ్డిగారు.

“అవునండీ,” అన్నారు మేడమ్.

రెండేళ్ల పని ఆ ఒక్క మాటతో ముగిసింది. ఆమె ఒంగి, చచ్చిన రొయ్య ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని చూస్తూ ఉన్నారు. ఆ చేతిని చూశాక నేనిక ఆగలేకపోయాను.

“రెడ్డిగారూ, ఆ డబ్బా ఇచ్చింది నేను. మేడమ్‌కు తెలియకుండా ఇచ్చాను.”

ఆయన నా వైపు చూశారు, తర్వాత ఆమె వైపు చూశారు. “మూడు దినాలు ఈడనే తిరగతా ఉండి, ఇప్పుడా చెప్పేది?” అన్నారు.

పెంచలయ్య కుంట చుట్టూ మేడమ్ ముళ్లకంప వేయించారు. మందకు వేరే తొట్టిలో నీళ్లు ఏర్పాటు చేసి, మెరక మీద మేపమని చెప్పి, మళ్లీ మందు తాపించారు. ఆ వానాకాలం దాటేసరికి మందలో సగమే మిగిలింది. అతను ఆ తర్వాత మా ల్యాబ్ గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే మేడమే ఆగి పలకరించేవారు. అతను గొర్రెలను అదిలించుకుంటూ వెళ్లిపోయేవాడు.

పైఆఫీసుకు పంపే నివేదికను ఆమె స్వయంగా రాశారు. నత్తలు చచ్చిన సంగతి, రొయ్యలు చచ్చిన సంగతి, అనుమతి లేకుండా పరీక్ష చేసిన సంగతి, అన్నీ ఉన్నాయి. డబ్బా బయటికి ఎలా వెళ్లిందనే చోట మాత్రం అర పేజీ ఖాళీగా వదిలి, కాగితం నా ముందుకు జరిపారు.

“ఇది నువ్వు రాయి.”

“పేరు కూడా రాయాలా మేడమ్?”

“నీ ఇష్టం మస్తాన్.”

ఆమె లేచి టబ్బులు కడగడానికి వెళ్లారు. నాలుగు వాక్యాలు రాయడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. నా పేరు మొదటి వాక్యంలోనే రాశాను. ఆమె వచ్చి చదివి, ఒక అక్షరదోషం దిద్ది, కింద సంతకం చేశారు. ఆమెకు మెమో వచ్చింది, నాకు బదిలీ అయింది. వెళ్లే రోజు బస్టాండు దాకా వచ్చి, మా అమ్మ ఆరోగ్యం గురించి అడిగారు. డబ్బా మాట ఎత్తలేదు.

ఎస్తేరు మేడమ్ ఇప్పుడు లేరు. నత్తలను చంపి మరి దేనికీ హాని చేయని బాక్టీరియా ఆమెకు దొరకలేదు. నా పనిలో ఇప్పటికీ పొరపాట్లు జరుగుతుంటాయి. జరిగినప్పుడల్లా, అది ఎవరికి నష్టం చేస్తుందో వాళ్ల దగ్గరికి నేనే వెళ్లి, నేను చేశానని చెబుతాను. చెప్పడం ఇప్పటికీ తేలిక కాలేదు. అయినా ఆ రోజు దాటనివ్వను.